సంప్రదాయం ఎవరిది?



ఈ టపా ఒక్క మాట మీద. ఇటీవల ఒక మిత్రుడు దేహరక్షణ వ్యవస్థను గురించిన వ్యాసమొకటి ఎంతో ఓపికతో తెలుగులోకి తెచ్చారు. చదివి సంతోషించాను. అయితే అందులో ఒక వర్గం రక్తకణాలకు "అసాంప్రదాయిక టీ కణాలు" అని పేరు పెట్టారు. ఆంగ్లంలో ఉన్న విశేషణానికి అది అక్షరాలా తెలుగు. అందువల్ల ఆయనను తప్పుపట్టలేమని కొందరు అంటారు. నేను తప్పుపడతాను. ఆ పేరు ఆంగ్లంలోనే వంకరగా పుట్టింది. తెలుగులోకి వచ్చేసరికి ఆ వంకర రెట్టింపయింది. పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కకముందే దానికి అడ్డుపడాలి. ఎక్కిన మాటను దింపడం ఎవరి తరమూ కాదని బడిలో వెంట్రుకలు నెరిపించుకొన్నవాణ్ణి గనుక చెప్పగలను.

తెలుగు పండితుడికి టీ కణాలతో పనేమిటి అనేవారికి ముందే జవాబు చెబుతాను. కణాలతో నాకు పని లేకపోవచ్చు. మాటతో ఉన్నది.

సంప్రదాయమనే మాటలో సమ్, ప్ర అనే రెండు ఉపసర్గలూ, దా అనే ధాతువూ ఉన్నాయి. చక్కగా, ముందుతరానికి, ఇవ్వబడినది అని అర్థం. గురువు నుండి శిష్యునికి, తండ్రి నుండి కొడుకుకు చెడకుండా అందేది సంప్రదాయం. ఆంగ్లంలో ఉన్న మాటకు మూలార్థం ఇది కాదు. అక్కడ ఉన్నది పదిమంది కూడి చేసుకొన్న ఒప్పందం. మన ఆలంకారికులు దీనిని 'సమయం' అన్నారు. కవిసమయం అనేది అందరికీ తెలిసినదే. చకోరం వెన్నెల త్రాగుతుందనడం కవిసమయం. ఆ సంగతి చకోరానికి తెలియదు. అట్లాగే ఏ టీ కణం మామూలుది, ఏది కాదు అన్నది శాస్త్రజ్ఞులు తమలో తాము చేసుకొన్న ఒప్పందం. ఆ సంగతి కణాలకు తెలియదు. 'సమయం' అనవలసిన చోట 'సంప్రదాయం' అన్నందువల్ల, తాత్కాలికమైన ఒక ఒప్పందానికి వంశపారంపర్యపు గౌరవం దక్కింది. ఒప్పందానికి బయట నిలిచిన కణాలకు ఆచారభ్రష్టులన్న ముద్ర పడింది.

ఇక ఆ ఒప్పందమేమిటో చూద్దాం.

టీ కణం శత్రువును నేరుగా చూడదు. దేహంలోని ఇతర కణాలు తమ లోపల ఉన్నదానిని కొద్దికొద్దిగా పైకి తెచ్చి చూపుతాయి. ఆ చూపించినదానిని టీ కణం చూస్తుంది. 1974లో కాన్‌బెర్రాలో జింకర్‌నాగెల్, డోహర్టీ అనే ఇద్దరు ఈ రహస్యం బయటపెట్టారు. 1996లో వారికి నోబెల్ బహుమానం వచ్చింది. చూపించడానికి వాడే పాత్రలను మనుషుల్లో హెచ్‌ఎల్‌ఏ అంటారు. ఒక్కొక్కటి చిన్న దొన్నె అనుకోండి. మాంసకృత్తును తునకలు చేసి, ఎనిమిదో పదో అమైనో ఆమ్లాలున్న ముక్కను ఆ దొన్నెలో పెట్టి, కణం గడప మీద ఉంచుతారు. దొన్నెనూ ముక్కనూ కలిపి చూచి టీ కణం తనవాడో పరాయివాడో నిర్ణయిస్తుంది. ఈ దొన్నెల్లో రూపభేదాలు వేలకు వేలు. నా దొన్నె మీ దొన్నె ఒకటి కాదు. ఒకరి మూత్రపిండం మరొకరికి అతకాలంటే ఇంత గాలింపు ఎందుకో ఇప్పుడు మీకు తోచే ఉంటుంది.

ఇదే 'సంప్రదాయం'. దొన్నె హెచ్‌ఎల్‌ఏ కావాలి, అందులో ఉన్నది మాంసకృత్తు ముక్క కావాలి. ఈ రెండూ కుదరని టీ కణాలన్నీ అసాంప్రదాయికాలు.

మరి అవి ఏమి చూస్తాయి? ఈ భాగమే నన్ను ఈ వయస్సులో విద్యార్థిని చేసింది. కాస్త నిదానంగా చెబుతాను.

మొదటిది కొవ్వు. సీడీ1 అనే కుటుంబపు పాత్రలు ఉన్నాయి. వాటి దొన్నె లోతుగా, లోపలంతా జిడ్డుకు అనువుగా ఉంటుంది. కొవ్వు అణువు తన పొడవాటి తోకలను ఆ లోతులోకి దించి, తలను మాత్రం పైకి పెట్టి కూర్చుంటుంది. టీ కణం ఆ తలను పట్టి చూస్తుంది. క్షయ సూక్ష్మజీవి గోడలో మైకోలిక్ ఆమ్లమనే మైనం ఉంటుంది. దాని కర్బన గొలుసు అరవై నుండి తొంబై పరమాణువుల పొడవు. అంత పొడవైనదానిని మడచి పెట్టుకోగల పాత్ర సీడీ1బి. టీ కణాలు ఈ మైనాన్ని గుర్తిస్తాయని 1994లో తేలింది. అప్పటివరకు టీ కణానికి మాంసకృత్తు తప్ప మరేదీ కనిపించదని చదువు చెప్పారు.

రెండవది విటమిను తయారీలోని ముడిసరుకు. ఎమ్‌ఆర్‌1 అనే పాత్ర ఉన్నది. దాని గుంట మరీ చిన్నది, కుంకుమ భరిణె అనవచ్చు. అందులో ఏముంటుందో చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు. దీనిని చూచే కణాలను మెయిట్ కణాలంటారు. రక్తంలోని టీ కణాలలో నూటికి ఒకటి నుండి పది వరకు ఇవే. కాలేయంలో ఇంకా ఎక్కువ. నూటికి పది ఉన్నదానిని అసాంప్రదాయికమనడానికి నోరెట్లా వచ్చిందో!

భరిణె రహస్యం 2012లో మెల్‌బోర్న్ పరిశోధకులు విప్పారు. ఆ కథలో మన భీమవరం ఉన్నది. ఎమ్‌ఆర్‌1ను ప్రయోగశాలలో తయారుచేయబోతే అది తనంతట తాను సరిగా ముడుచుకోలేదు. కణాలను పెంచే ఆర్‌పీఎమ్‌ఐ అనే ద్రవం కలిపితే చక్కగా ముడుచుకొన్నది. అంటే ఆ ద్రవంలోని ఏదో అణువు భరిణెలో దూరిందన్నమాట. తూచి చూస్తే అది 6-ఫార్మైల్‌టెరిన్. ఆ ద్రవంలో కలిపిన ఫోలిక్ ఆమ్లం వెలుతురు తగిలి విరిగితే వచ్చే తునక అది. ఫోలిక్ ఆమ్లం పేరు విన్న తెలుగువాడికి యల్లాప్రగడ సుబ్బారావు గుర్తుకు రాకపోతే తెలుగువాడే కాదు. 1895లో భీమవరంలో పుట్టి, స్ప్రూ వ్యాధికి అన్నదమ్ములను పోగొట్టుకొని, తానూ దాని వాతబడి బయటపడి, అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలకు నాయకత్వం వహిస్తూ 1945లో తన బృందంచేత ఆ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేయించినవాడు. ఆయన 1948లో పోయారు. ఆయన అణువు తునక ఒకటి మన కణాల భరిణెలో కూర్చోగలదని తెలియడానికి మరో అరవైనాలుగేళ్ళు పట్టింది.

అయితే ఈ తునక భరిణెలో కూర్చుంటుందే గాని కణాన్ని రెచ్చగొట్టదు. రెచ్చగొట్టేది వేరు. సాల్మొనెల్లా పెరిగిన ద్రవంలో అది దొరికింది. బి2 విటమిను, అనగా రైబోఫ్లేవిన్, తయారయ్యే దారిలో ఒక మధ్యమెట్టు ఉన్నది. ఆ మెట్టులోని అణువు, చక్కెర విరిగినప్పుడు వచ్చే మిథైల్‌గ్లయాక్సాల్ వంటి చిన్న అణువుతో కలిసి, క్షణభంగురమైన మరొక అణువవుతుంది. విడిగా ఉంటే చెదిరిపోయే దానిని ఎమ్‌ఆర్‌1 తన భరిణెలో బంధించి నిలుపుతుంది. 2014లో ఈ సంగతి రూఢి అయింది. ఇందులోని తెలివి చూడండి. బి2ను అనేక బాక్టీరియాలూ బూజులూ తయారుచేసుకొంటాయి. మనిషి చేసుకోలేడు, తినవలసిందే. కాబట్టి వంట జరుగుతున్న వాసన వచ్చిందంటే లోపల పరాయివాడు పొయ్యి వెలిగించాడని అర్థం. మెయిట్ కణం వంటకాన్ని గాక వంట వాసనను పట్టుకొంటుంది. (ఇది చదివి బి2 మాత్రలు మింగితే రోగనిరోధకశక్తి పెరుగుతుందని ఎవరైనా అమ్మజూపితే నమ్మకండి. మాత్రలో ఉన్నది పూర్తయిన విటమిను. కణం చూచేది సగం వండినదానిని.)

మూడవది గామా-డెల్టా కణాలు. వీటిలో మనిషి రక్తంలో ఎక్కువగా ఉండే రకం, కొన్ని చిన్న ఫాస్ఫేటు అణువులకు స్పందిస్తుంది. అనేక బాక్టీరియాలూ, మలేరియా పరాన్నజీవీ ఆ అణువులలో అతి ఘాటైనదానిని చేస్తాయి. 1897లో సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో చూచిన జీవి ఇదే. ఇక్కడి విచిత్రమేమంటే ఆ అణువు గడప దాటి పైకి రానే రాదు. కణం లోపలే ఉండి, బీటీఎన్3ఏ1 అనే పొర అణువు అడుగుభాగాన్ని తాకుతుంది. దానితో పైభాగం తీరు మారుతుంది. దానికి తోడైన బీటీఎన్2ఏ1ను గామా-డెల్టా గ్రాహకం నేరుగా పట్టుకొంటుందని 2020లో తెలిసింది. ఇంట్లో జరిగేది వాకిలి ముగ్గు చూచి చెప్పడం వంటిది. ఈ బీటీఎన్ కుటుంబం పేరుకు అర్థమేమిటో తెలుసునా? వెన్న అంటే ఇష్టపడేది! పాలలోని వెన్నబొట్ల పొరమీద మొదట దొరికింది గనుక ఆ పేరు. మన భాషలో నవనీతప్రియం. ఇటువంటి పేర్లు తర్జుమా చేస్తే ఎంత ఇంపుగా ఉంటాయి! అవి వదిలి, చేయరానిదానిని చేశారు.

ఇప్పుడు అసలు అభ్యంతరం. ఒప్పందం ఎవరిని చూచి చేశారు?

ఎలుకను చూచి. దేహరక్షణ శాస్త్రంలో అధికభాగం ప్రయోగశాల ఎలుక మీద నడిచింది. ఆ ఎలుకకు సీడీ1 కుటుంబంలో 'డి' ఒక్కటే ఉన్నది. క్షయ మైనాన్ని చూపే 'బి' లేదు, 'ఏ', 'సి' కూడా లేవు. మెయిట్ కణాలు దానిలో బహు అరుదు. ఫాస్ఫేటు అణువులను పసిగట్టే మన గామా-డెల్టా రకం దానిలో లేనే లేదు. ఎలుకలో లేనిది కనుక చాలాకాలం కనబడలేదు. కనబడినప్పుడు అసాంప్రదాయికమన్నారు. సీడీ1డిని చూచే ఎన్‌కేటీ కణాలు ఎలుకలో దండిగా ఉన్నాయి, మనిషిలో పలుచన. ఆ ఎన్‌కేటీ కణాల మీద మాత్రం వ్రాతలు కుప్పలు తెప్పలు. తమాషా ఏమిటంటే, 1882లో క్షయ సూక్ష్మజీవిని కనిపెట్టిన కాక్ కాలం నుండి ఈ రోగానికి వాడిన గినీపందిలో సీడీ1బి రకాలు అనేకం ఉన్నాయి. పాత జంతువును విడిచి చవకైన జంతువును పట్టుకొన్నందుకు చెల్లించిన మూల్యమిది.

ఇది నాకు కొత్త అనుభవం కాదు. మా నారాయణఖేడ్ అంగడిలో తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ నాలుగూ కలిసి బేరమాడతాయి. దూరాన కూర్చుండి వినేవారికి మా మాట 'యాస'. మాకు అది మాటే. కొలబద్ద ఎవరి చేతిలో ఉంటే తక్కినవారిదంతా వింత. మనిషి రక్తానికి ఎలుక కొలబద్ద అయినప్పుడు మనిషిదే యాస అయింది.

పోనీ, సంప్రదాయమనే మాటకు నిజమైన అర్థమే తీసుకొని తీర్పు చెప్పమందాం. ముందుతరానికి చెడకుండా అందినది ఏది? హెచ్‌ఎల్‌ఏ మనిషి మనిషికీ మారిపోతుంది. సీడీ1, ఎమ్‌ఆర్‌1, నవనీతప్రియాలు దాదాపు మారవు. ఖేడ్‌లోని రైతుకూ నార్వేలోని జాలరికీ ఇంచుమించు ఒకటే. సీడీ1 కోడిలో కూడా ఉన్నది. గామా-డెల్టా కణాలు సొరచేపలో ఉన్నాయి. ఇంత తరతరాల ఆస్తిని అసాంప్రదాయికమని, ఇంటికొక రకంగా మారేదానిని సాంప్రదాయికమని అనడం ఎటువంటి న్యాయం?

మా శాస్త్రంలో ఈ ఇబ్బందిని పెద్దలు గౌరవంగా దాటారు. చిన్నయసూరి బాలవ్యాకరణంలో సూత్రాలు వ్రాశాడు. సూత్రానికి పూర్తిగా ఒదగని చోట 'బహుళం' అన్నాడు. ఆయన చెప్పక విడిచినవాటికి బహుజనపల్లి సీతారామాచార్యులు మరో వ్యాకరణమే వ్రాసి 'త్రిలింగ లక్షణ శేషము' అన్నాడు. శేషమన్నాడే గాని ఆ ప్రయోగాలను భాషకు వెలివేయలేదు.

మాటలో ఏమున్నది, పని జరిగితే చాలును గదా అంటారు. మాట వల్ల పని ఆగుతుందని చెప్పడానికే ఇంత వ్రాశాను. మాకు ఉత్తరాన, నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో, ఇసబెల్ కెర్ అనే వైద్యురాలు 1915లో కుష్ఠువ్యాధి ఆసుపత్రి నెలకొల్పింది. అడవిబాదం నూనె సూదిమందుగా ఇచ్చేవారు. మా ఇంట్లో పెద్దలు 'డిచ్‌పల్లి పోయినాడు' అంటే ఏమి రోగమో చెప్పవలసిన పని ఉండేది కాదు. పెద్దరోగమనే మాట నోట పలకడానికి కూడా జంకేవారు. ఆ రోగపు సూక్ష్మజీవి క్షయ సూక్ష్మజీవికి తోబుట్టువు. అదీ మైనపు గోడదే. తెమడ పరీక్షలో క్షయక్రిమి ఎర్రరంగు పట్టి, ఆమ్లంతో కడిగినా వదలకపోవడానికి కారణం ఆ మైనమే. 1995లో ఒక కుష్ఠురోగి చర్మపు మచ్చ నుండి తీసిన టీ కణాలు, ఈ గోడలోని లైపోఅరాబినోమానన్ అనే కొవ్వు-చక్కెరల కూర్పును సీడీ1బి ద్వారా గుర్తించాయని చూపారు. దేహం రోగాన్ని అదుపులో పెట్టిన మచ్చల్లో సీడీ1 పాత్రలు దండిగా ఉన్నాయని, అదుపు తప్పినవారి మచ్చల్లో లేవని 1999లో మరో పరిశీలన వచ్చింది. అసాంప్రదాయికమన్న కణాలు నిలబడి కాపలా కాసినది మన రోగుల వంటివారి చర్మంలో.

2005 డిసెంబరు నాటికి కుష్ఠును ప్రజారోగ్య సమస్యగా నిర్మూలించామని మన దేశం ప్రకటించింది. పదివేలమందికి ఒకరికన్న తగ్గిందని దాని అర్థం. లేకుండా పోయిందని కాదు. ఇప్పటికీ ఏటా లక్ష దాకా కొత్త రోగులు బయటపడుతున్నారు. ప్రపంచంలోని క్షయరోగులలో దాదాపు పావువంతు మనవారే. వీరికి కావలసిన టీకాను ఎలుకకు ఏమి కనబడుతుందో దానిని బట్టి తయారుచేస్తే ఏమవుతుంది? ఎమ్‌వీఏ85ఏ అనే కొత్త టీకాలో ఉన్నది ఒక్క మాంసకృత్తు. దక్షిణాఫ్రికా పసిపిల్లలలో అది బీసీజీకి మించిన రక్షణ ఇవ్వలేదని 2013లో తేలింది. 2003లో గినీపందులకు సూక్ష్మజీవి కొవ్వులతో టీకా వేస్తే ఊపిరితిత్తుల దెబ్బ తగ్గినట్లు కనబడింది. ఈ దారిన నడిచినవారు తక్కువ. అసాంప్రదాయికమన్న పేరున్నదానికి మొదటి పంక్తిలో విస్తరి ఎవరు వేస్తారు?

ఎదుటివారి గట్టి వాదం ఒకటి ఉన్నది, దాచను. 1921 నుండి వాడుతున్న బీసీజీలో ఉన్నది బ్రతికి ఉన్న సూక్ష్మజీవి, మైనంతో సహా. అయినా 1968లో చెంగల్పట్టులో మొదలైన పెద్ద పరీక్షలో అది పెద్దవారి ఊపిరితిత్తుల క్షయను ఆపలేకపోయింది. పదిహేనేళ్ళ ఫలితాలు 1999లో అచ్చయ్యాయి. మైనమే మందైతే ఇదెందుకు గెలవలేదు? మైనమే మందని నేను అనలేదు. కొవ్వులు అనేకం, ఏది ఎంత మోతాదులో ఎట్లా చూపాలన్నది వెదకవలసిన విషయం. వెదకకుండానే మూలకు నెట్టే పేరు వద్దంటున్నాను.

శాస్త్రజ్ఞులలోనే కొందరు ఈ పేరుతో విసిగి, దాతను బట్టి మారని టీ కణాలు అనే అర్థం వచ్చే పేరు వాడుతున్నారు. అది మేలు. తెలుగులో నేను 'సర్వసామాన్య టీ కణాలు' అంటాను. సామాన్యమంటే ఇక్కడ నాసిరకమని కాదు, అందరికీ సమానంగా చెందినది అని. సామాన్యసూత్రం, విశేషసూత్రం అని వ్యాకరణంలో వాడే అర్థమే. హెచ్‌ఎల్‌ఏను చూచేవి మనిషికొక తీరుగా ఉంటాయి గనుక వాటిని 'వ్యక్తివిశేష టీ కణాలు' అనవచ్చు. తర్జుమా చేసిన మిత్రుడు నా మీద కోపగించక, తమ వ్యాసంలో ఈ మాట పెట్టి చదివి చూడాలని కోరుతున్నాను. వాక్యం ఎక్కడైనా కుంటితే చెప్పండి. ఇంతకన్న సులువైన మాట మీలో ఎవరికి తట్టినా వ్యాఖ్యగా వ్రాయండి. నా మాటను సంతోషంగా వెనక్కు తీసుకొంటాను.